పసిపలుకు – పెద్దల నవ్వు

పసిపిల్లల మాటలకు నవ్వుకోని ఇల్లు ఉండదు. అయితే ఇంట్లో అందరినీ నవ్వించిన మాట అచ్చులో పడేసరికి తరచుగా వెలవెలబోతుంది. రచయిత ఆ మాటలోని ముద్దును మాత్రమే విని, దాని వెనుక ఉన్న ఆలోచనను వినకపోవడమే ఇందుకు కారణం. పసివాడు నవ్వించాలని మాట్లాడడు. తనకు తెలిసిన కాస్త లోకంతో తెలియని లోకాన్ని కొలుస్తాడు. ఆ కొలత కుదరని చోట పెద్దలకు నవ్వు వస్తుంది.

ప్రాచీన సాహిత్యంలో ఈ పలుకు ఎక్కువగా దైవలీలలో భాగంగా వినిపించింది. పోతన భాగవతం దశమస్కంధంలో మన్ను తినలేదని తల్లితో వాదించే కృష్ణుని మాటలు ఎంత సహజంగా ఉన్నా, ఆ నోట బ్రహ్మాండమంతా ఉన్నదని పాఠకునికి తెలుసు. సూరదాసు పదాలలోని వెన్నదొంగ బుకాయింపులదీ ఇదే తీరు. దేవుడు కాని పిల్లవాడు కేవలం పిల్లవాడిగా మాట్లాడే అవకాశం ఆధునిక కథనంలో విస్తృతంగా లభించింది. ఆ అవకాశాన్ని ముగ్గురు రచయితలు వినియోగించుకున్న తీరు పరిశీలించదగినది.

రవీంద్రనాథ్ టాగూర్ 1892లో రచించిన 'కాబూలీవాలా'లో మినీకి అయిదేళ్లు. తమ ద్వారపాలకుడు కాకిని బెంగాలీలో అనవలసిన పేరుతో కాక హిందీ పేరుతో పిలిచాడని, అతనికేమీ తెలియదని ఆమె తండ్రికి ఫిర్యాదు చేస్తుంది. లోకంలోని భాషాభేదాలను గురించి తండ్రి చెప్పబోయేలోగా ఆకాశంలోని ఏనుగు తొండంతో నీళ్లు చిమ్మితే వాన కురుస్తుందన్న వార్త వైపు మళ్లుతుంది. పాఠకుడు నవ్వుతాడు. కానీ ఒక వస్తువుకు ఒకటే పేరు ఉండాలన్న మినీ నమ్మకంలో తర్కం ఉంది. తన ఇంటి భాషే లోకభాష అనుకోవడం పసివారికే పరిమితమైన పొరపాటు కాదని బహుభాషా దేశంలోని పాఠకునికి వేరే చెప్పనక్కరలేదు.

ఈ కథలో మినీకి, రహమత్‌కు మధ్య వేళాకోళంగా నలిగే మాట 'అత్తవారిల్లు'. ఆమెకు దాని అర్థం తెలియదు. అతనికి తెలిసిన రెండో అర్థం జైలు. ఒకరికి తెలియని అర్థం, మరొకరు దాచుకున్న అర్థం కలిసి హాస్యాన్ని పుట్టిస్తాయి. ఏళ్లు గడిచి, మినీ పెళ్లినాడు రహమత్ అదే ప్రశ్న అడిగినప్పుడు ఆమెకు అర్థం తెలుసు. కనుకనే జవాబు రాదు. సిగ్గుతో ముఖం తిప్పుకుంటుంది. కథ ఇద్దరు తండ్రుల దుఃఖం వైపు సాగిపోతుంది. ఒకప్పుడు క్షణమైనా మౌనంగా ఉండలేని పిల్ల, తన జీవితం మలుపు తిరిగే రోజున ఒక్క మాటైనా పలకదు. ఈ మౌనాన్ని విమర్శకులు తగినంతగా పట్టించుకున్నారని చెప్పలేము.

ప్రేమ్‌చంద్ 'ఈద్‌గాహ్' (1933)లో హమీద్ నాలుగైదేళ్ల అనాథ. నాన్న డబ్బు సంపాదించడానికి వెళ్లాడని, అమ్మ అల్లా ఇంటినుంచి మంచి వస్తువులు తేవడానికి వెళ్లిందని నమ్ముతాడు. ఈ నమ్మకం చదివిన పాఠకుని పెదవులపై చిరునవ్వు మొలిచి, అక్కడే ఆగిపోతుంది. తోటి పిల్లలు సిపాయి, వకీలు, భిష్తీ బొమ్మలు కొనుక్కుంటే, రొట్టెలు కాల్చేటప్పుడు నాయనమ్మ వేళ్లు కాలకుండా అతడు మూడు పైసలకు పట్టకారు కొంటాడు. ఆపై ఆ పట్టకారు ఎంతటి యోధుడో వాదించి అందరినీ ఓడిస్తాడు. ఆ వాదన కేవలం గొప్పలు పోవడం కాదు. చేతిలో బొమ్మ లేని పిల్లవాడికి మాటే బొమ్మ, మాటే ఆయుధం. అయితే చివరికి హమీద్‌ను వృద్ధునితో, నాయనమ్మను బాలికతో పోల్చిన కథకుడు, అంతవరకు పసివాని నోట పలికించిన దాన్ని తానే వివరించబూనాడు. పసితనం కన్నా దాని నీతి ముందుకు వచ్చింది.

ముళ్లపూడి వెంకటరమణ 'బుడుగు' మరో దారి తొక్కింది. 1950వ దశకంలో ఆంధ్ర వారపత్రికలో ధారావాహికంగా, బాపు బొమ్మలతో వెలువడిన ఈ రచనలో కథకుడు బుడుగే. అతని మాటను సరిదిద్దే పెద్ద గొంతు మధ్యలో అడ్డురాదు. నవ్వు కూడా దిశ మార్చుకుని పెద్దల కోపాల మీదికి, బడాయిల మీదికి మళ్లుతుంది. రచయిత చెవి ఎంత చురుకైనదో ఒక్క పేరు చాలు చెప్పడానికి. పొరుగింటి పాప 'సీగానపెసూనాంబ'. శ్రీజ్ఞానప్రసూనాంబ అన్న సంస్కృత నామం పసినాలుకపై సంయుక్తాక్షరాలను విడుచుకుంటూ ఈ రూపం దాల్చింది. శ్రీ 'సీ' అయింది, జ్ఞా 'గా' అయింది, ప్ర 'పె' అయింది. పలకడం కష్టమైన చోటల్లా నాలుక ఒకే పద్ధతిలో సుళువు వెతుక్కుంది. పెద్దలకు తప్పుగా తోచినది నిజానికి ఒక క్రమం. ఆ క్రమాన్ని యథాతథంగా పట్టుకున్నందునే ఈ పేరు తెలుగువారి నోట నిలిచింది. అయితే ఆ పాపను సైతం మనం బుడుగు మాటల్లోనే చూస్తాము. ఆమె తన కథను తాను చెప్పదు.

మూడు రచనలనూ ఒకచోట పెట్టి చూస్తే ఒక సంగతి తేటపడుతుంది. హమీద్ మాట గెలిచింది, బుడుగు మాట రాజ్యమేలింది. మినీ మాట మాత్రం సిగ్గులో ముగిసింది. అది టాగూర్ లోపం కన్నా ఆనాటి సంఘం ఆడపిల్లకు గీసిన హద్దు. దాన్ని కప్పిపుచ్చకుండా చూపడం ఆయన నిజాయితీ. అయినా, ఏ బిడ్డల పలుకును మనం ముద్దుగా విన్నాము, ఎంతవరకు విన్నాము, ఏ వయసున వినడం మానుకున్నాము అన్న ప్రశ్నలు మిగిలే ఉంటాయి.

బాలల పలుకును చిత్రించే రచనకు నవ్వించడం ఒక్కటే గీటురాయి కాదు. నవ్విన పాఠకుడు మరునిమిషంలో ఆ బిడ్డ ఏమడిగిందో తిరిగి తలచుకుని, దానికి జవాబు చెప్పవలసిన బాధ్యత తనదని గుర్తిస్తే, ఆ రచన పసిపలుకుకు న్యాయం చేసినట్లు.