అక్షరం మధ్యలో టాగు: మిశ్రమ మార్కప్ ఎడిటర్ల గురించి కొన్ని మాటలు

తెలుగు పాఠ్యాలను కంప్యూటరులో పరిష్కరించడానికి పూనుకొన్న విద్యార్థులు మమ్మల్ని అడిగే మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: ఏ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ మంచిది? ఒకే దస్తావేజులో రెండు మూడు మార్కప్ భాషలు కలిసినప్పుడు ఈ ప్రశ్న మరింత అవసరమవుతుంది. పాఠ్యంలో ఏది పాదం, ఏది పదం, ఏది శీర్షిక అని చెప్పే టాగుల వ్యవస్థనే ఇక్కడ మార్కప్ భాష అంటున్నాము. ఇటువంటి ఎడిటర్లను సమీక్షించేవారు సాధారణంగా అవి ఎన్ని భాషలను గుర్తిస్తాయి, ఎన్ని రంగుల్లో చూపిస్తాయి అని లెక్కపెడతారు. తెలుగుకు ఈ కొలబద్ద చాలదని మా అభిప్రాయం. ఇది పుస్తకాలు చదివి ఏర్పరచుకొన్న అభిప్రాయం కాదు. యానాంలోని ఫరంపేటలో, ఒక విద్యార్థిని ఇంటి అరుగుమీద తెలిసివచ్చింది.

చుట్టూ ఆంధ్రప్రదేశ్, పాలన పుదుచ్చేరిది అయిన ఆ ఊళ్ళో 1954 వరకు ఫ్రెంచివారి అధికారం నడిచింది. ఆ విద్యార్థిని తాతగారు ఆ కాలంలో గుమాస్తాగా పనిచేసి, తీరిక వేళల్లో కందపద్యాలు రాసుకొన్నారు. నోటుపుస్తకంలో పద్యం నల్ల సిరాతో, దానిపైన గురులఘువుల గుర్తులు ఎర్ర సిరాతో, పక్కన అంచులో ఫ్రెంచి అర్థాలు పెన్సిలుతో ఉన్నాయి. వీటన్నిటినీ ఒకే దస్తావేజుగా ప్రకటించాలని ఆ అమ్మాయి కోరిక. పద్యానికీ వ్యాకరణానికీ టి.ఇ.ఐ. టాగులు, పుటకు ఎక్స్.హెచ్.టి.ఎమ్.ఎల్., గురులఘువుల గీతలకు ఎస్.వి.జి. వాడింది. ఎంపిక బాగానే ఉంది. దాన్ని మేమే సూచించాము.

ఒక పద్యం 'ఊరెక్కడ' అని మొదలవుతుంది. ఊరు, ఎక్కడ అనే రెండు పదాలకు ఉకారసంధి. కందంలో గణం నాలుగు మాత్రలది కనుక 'ఊరె' దగ్గర మొదటి గణం ముగుస్తుంది, 'క్కడ' రెండో గణంలోకి పోతుంది. పదం ఎక్కడ ముగిసింది? 'రె' అనే అక్షరం కడుపులో. అందులో హల్లు మొదటి పదానిది, అచ్చు రెండో పదానిది. ('క్క'లో సగం ఉచ్చారణలో ముందు అక్షరానికి చెందుతుందని ధ్వనిశాస్త్రం చదివినవారు గుర్తుచేస్తారు. ఆ తగవు ప్రస్తుతానికి వద్దు.) యూనికోడ్‌లో 'రె' రెండు సంకేతాలు: ర, దాని తరవాత ఎత్వం. కాబట్టి ఆ రెంటి మధ్య టాగు పెట్టడం సాధ్యమే. మా విద్యార్థిని అదే చేసింది. మరో పద్యంలో 'ఊరంతా' వచ్చేసరికి అదీ కుదరలేదు. 'ర'లో ఇమిడి ఉన్న అకారానికి వేరే సంకేతమే లేదు. 'అంతా'లోని మొదటి అచ్చును చూపడానికి అక్కడ పాఠ్యంలో ఏమీ లేదు.

ఫ్రెంచిలో ఈ చిక్కు ఇంత లేదు. 'ఎకోల్' ముందు 'లా' అనే ఉపపదం చేరితే అచ్చు పోతుంది, కానీ పోయినచోట అపాస్ట్రఫీ నిలుస్తుంది. టాగుకు కూర్చోవడానికి ఒక గట్టు దొరుకుతుంది. మన లిపిలో సంధి జరిగిన జాడ కనిపించదు. ఐరోపా భాషల ఉదాహరణలు చూసి టాగులు నేర్చుకొన్న తెలుగు విద్యార్థి తడబడేది సరిగ్గా ఇక్కడే.

తరవాత జరిగింది విచారకరం. నలభై పద్యాల పని అయ్యాక ఆ అమ్మాయి దస్తావేజును మరొక సాఫ్ట్‌వేర్‌లో తెరిచి భద్రపరిచింది. దాని పేరు ఇక్కడ అనవసరం. అది టాగులను 'అందంగా' సర్దుతానని, ఒక్కొక్క టాగునూ కొత్త పంక్తిలోకి తోసి, ముందు ఖాళీలు చేర్చింది. ర ఒక పంక్తిలో, ఎత్వం మరో పంక్తిలో పడ్డాయి. తెరమీద ప్రతి సంధి దగ్గరా చుక్కల వలయం మీద ఒంటరి గుణింతం వేలాడింది. ఎక్స్.ఎమ్.ఎల్. నియమాల ప్రకారం దస్తావేజులో ఒక్క దోషమూ లేదు. పద్యం మాత్రం చదవడానికి పనికిరాదు. ఆ సర్దుబాటును వెనక్కి తీసుకోవడానికి పాత ప్రతి మిగల్చలేదు. రెండు నెలల శ్రమకు మొదటికే మోసం వచ్చింది.

నేరం ఆ ఒక్క సాఫ్ట్‌వేర్‌ది అనలేము. దాని వెనక ఒక సిద్ధాంతం ఉంది. పాఠ్యమంటే ఒకదానిలో ఒకటి ఇమిడే అంశాల క్రమబద్ధమైన శ్రేణి అని డిరోజ్, డ్యురాండ్, మైలోనాస్, రెనియర్ 1990లో ప్రతిపాదించారు. గ్రంథంలో అధ్యాయం, అధ్యాయంలో పేరా, అలా చెట్టుకొమ్మల్లాగా. అయితే గణం ఒక చెట్టు, పదం మరో చెట్టు. కొమ్మలు ఒకదాన్నొకటి కోసుకొంటాయి. ఈ ఇబ్బంది వారికీ తెలిసివచ్చింది. టి.ఇ.ఐ. మార్గదర్శకాల్లో ఇటువంటి నిర్మాణాలకే ఒక అధ్యాయం కేటాయించారు. మా విద్యార్థులు ఆ అధ్యాయం దాకా వెళ్ళరు. వెళ్ళమని మేమూ గట్టిగా చెప్పలేదు, ఒప్పుకోవాలి.

మిశ్రమ దస్తావేజుల కోసమే పుట్టిన ఎడిటర్లలో అమయాను ముందుగా చెప్పాలి. ఫ్రాన్సులోని ఇన్రియా సంస్థ, డబ్ల్యు3సి కలిసి 1996 నుంచి అభివృద్ధి చేసిన ఈ సాఫ్ట్‌వేర్ ఒకే పుటలో ఎక్స్.హెచ్.టి.ఎమ్.ఎల్., గణితానికి మాథ్ఎమ్ఎల్, బొమ్మలకు ఎస్.వి.జి. కలిపి దిద్దనిచ్చేది. పుట ఎలా కనిపిస్తుందో ఒక కిటికీలో, నిర్మాణం మరో కిటికీలో, మూలం ఇంకో కిటికీలో చూపేది. మనం ఏ భాషలో నిలబడి ఉన్నామో ఎప్పుడూ తెలిసేది. ఆ పద్ధతి మాకు ఇప్పటికీ నచ్చుతుంది. 2012లో దాని అభివృద్ధి ఆగిపోయింది. అయితే అదీ చెట్టునే నమ్ముకొన్నది కాబట్టి 'ఊరెక్కడ'ను కాపాడేది కాదు.

జేమ్స్ క్లార్క్ రాసిన ఎన్ఎక్స్ఎమ్ఎల్, ఈమాక్స్‌లో భాగంగా, టైపు చేస్తూ ఉండగానే దోషం కింద గీత గీస్తుంది. అడగకుండా ఖాళీలు చేర్చదు. ఈ వినయం చిన్న గుణం కాదు. ఇక 2006లో ఐ.ఎస్.ఓ. ప్రమాణమైన ఎన్.వి.డి.ఎల్. పద్ధతి ఏ మార్కప్ భాష ముక్కను ఆ భాష నియమావళికి పంపి పరీక్షిస్తుంది. ఆక్సిజన్ వంటి ఎడిటర్లలో ఇది ఉంది. కానీ ముక్కలన్నీ ఉత్తీర్ణమైనా అతుకు దగ్గర అక్షరం విరిగిందేమో చూసే బాధ్యత ఎవరిదీ కాదు. జవాబుపత్రంలో పుటకొక మార్కు వేసి, పద్యం చదవని పరీక్షకుడు గుర్తుకు వస్తాడు.

మన విద్యార్థుల్లో చాలామంది తొలి అభ్యాసం తెలుగు వికీసోర్స్‌లో చేస్తారు. అక్కడ వికీ గుర్తులు, హెచ్.టి.ఎమ్.ఎల్. టాగులు, గణితానికి టెక్ కలిసి ఉంటాయి. రెండు అపాస్ట్రఫీలు వాలు అక్షరాలకు, మూడు బొద్దు అక్షరాలకు. ఫ్రెంచి ఉపపదం అపాస్ట్రఫీ పక్కనే వాలు అక్షరాల గుర్తు వస్తే మూడవుతాయి. గుర్తులు జత కుదరనప్పుడు, వాటి ముందున్నది ఒంటి అక్షరపు మాట అయితే, మూడింటిలో ఒకటి మామూలు అపాస్ట్రఫీ అని ఆ వ్యవస్థ ఊహిస్తుంది. ఫ్రెంచి రాత అలవాటును మన్నించే ఊహ అది. అటువంటి మన్నన తెలుగు సంధికి ఇంకా ఏ ఎడిటరులోనూ మాకు కనబడలేదు.

ఫరంపేట నోటుపుస్తకాన్ని మళ్ళీ తెరిచి చూశాము. తాతగారు పద్యాన్ని ఎక్కడా విడదీయలేదు. 'ఊరు + ఎక్కడ' అని పద్యం కింద వేరే రాసుకొన్నారు. మన వ్యాఖ్యాతలు చేసినదీ ఇదే. పద్యం పూర్తిగా ఇచ్చి, ప్రతిపదార్థంలో పదాలు విడగొట్టేవారు. మార్కప్‌లోనూ ఈ దారి ఉంది: మూలపాఠ్యాన్ని ముట్టకుండా ఉంచి, ప్రతి అక్షరానికీ ఒక గుర్తింపు ఇచ్చి, గణాలను ఒక జాబితాలో, పదాలను మరో జాబితాలో, ఫ్రెంచి అర్థాలను ఇంకొక జాబితాలో ఆ గుర్తింపులకు ముడిపెట్టడం. 'రె' అప్పుడు రెండు పదాలకూ చెందవచ్చు, ఒక గణానికే చెందవచ్చు. 'ఊరంతా'లో కనిపించని అకారం పదాల జాబితాలో 'అంతా' అని పూర్తిగా కనిపిస్తుంది. అక్షరాలకు వరుస సంఖ్యలు మాత్రం వేయకండి. మూలంలో ఒక్క అక్షరం దిద్దితే తరవాతి లెక్కంతా తప్పుతుంది.

ఈ దారిలో శ్రమ ఎక్కువ. మూడు జాబితాలనూ పద్యంతో కలిపి చూస్తూ దిద్దనిచ్చే ఎడిటరు మా చేతికి ఇంకా రాలేదు. ప్రదర్శనకు చిన్న ఎక్స్.ఎస్.ఎల్.టి. రాసుకోవలసి వస్తోంది. మా విద్యార్థిని మొదటినుంచి మొదలుపెట్టింది. ఇప్పటికి పన్నెండు పద్యాలయ్యాయి. ప్రతి రాత్రీ దస్తావేజు ప్రతి ఒకటి వేరే చోట దాస్తోంది. పెన్సిలు రాత చెదిరిపోతోందని ముందు ఫ్రెంచి అర్థాల జాబితా పూర్తిచేస్తోంది.