లోపలికి వచ్చిందెవరు, పని చేస్తున్నదెవరు

లినక్స్ కంప్యూటర్లో ‘లక్ష్మి’ పేరుతో లాగిన్ అయి, టెర్మినల్ తెరిచి ‘సుడో హూయామ్‌ఐ’ అని కొట్టండి. సర్వాధికారాలున్న ఖాతా పేరు, ‘రూట్’ అని వస్తుంది. వెంటనే ‘సుడో లాగ్‌నేమ్’ అని కొట్టండి. ఈసారి ‘లక్ష్మి’ అని వస్తుంది. అదే కుర్చీ, అదే మనిషి, మధ్యలో రెండు సెకన్లు కూడా గడవలేదు. జవాబులు మాత్రం రెండు, రెండూ నిజమే. ‘ఈ ప్రోగ్రాం నడుపుతున్నది ఎవరు?’ అన్న ప్రశ్న పైకి ఒక్కటిగా కనిపిస్తుంది గానీ, విప్పి చూస్తే అందులో మూడు ప్రశ్నలున్నాయి. గుమ్మం దాటి లోపలికి వచ్చిందెవరు? ఇప్పుడు ఎవరి అధికారంతో పని జరుగుతోంది? ఫలానావాణ్ని అని తనకు తాను చెప్పుకుంటున్నది ఎవరు? సిస్టమ్ ప్రోగ్రాములు రాసేవాళ్లు ఈ మూడింటినీ విడివిడిగా అడగడం అర్ధ శతాబ్దంగా నేర్చుకుంటూ, నేర్పుతూ వచ్చారు. నా దృష్టిలో అది ఒక విద్య.

దాని పుట్టిల్లు అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రం, మరే హిల్‌లో ఉన్న బెల్ ల్యాబ్స్. కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ అక్కడ తయారుచేసిన యూనిక్స్‌కు తొలి మాన్యువల్ 1971 నవంబరు 3 తేదీతో వెలువడింది. మనిషికి పేరు, యంత్రానికి అంకె అనే ఏర్పాటు అప్పటికే ఉంది. ఫలానా ఫైలు తెరవనివ్వాలా వద్దా అని తేల్చేటప్పుడు కెర్నెల్ చూసేది మన పేరు కాదు, మనకిచ్చిన యూజర్ ఐడీ అంకె. పేరుకూ అంకెకూ ముడివేసే చిట్టా ‘ఈటీసీ’ డైరెక్టరీలోని పాస్‌వర్డ్ ఫైలు. అందులో ఒక వరుస ఇలా ఉంటుంది:

లక్ష్మి:ఎక్స్:1001:1001:లక్ష్మి:/హోమ్/లక్ష్మి:/బిన్/బాష్

ఏడు గళ్లు, మధ్యలో ఆరు కోలన్లు. మొదటి గడి లాగిన్ పేరు. రెండో గడిలోని ఎక్స్‌కు అర్థం, అసలు రహస్యపదం తాలూకు గుర్తును ఇక్కడినుంచి తీసేసి రూట్‌కు తప్ప మామూలు యూజర్లకు కనిపించని షాడో ఫైలులో దాచారని. మూడోది యూజర్ ఐడీ, నాలుగోది గ్రూపు ఐడీ. అయిదో గడిని ఇప్పటికీ జీకోస్ అంటారు. బెల్ ల్యాబ్స్ వాళ్లు అచ్చు పనులు పంపే పెద్ద యంత్రం జీకోస్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ మీద నడిచేది, దానికి కావలసిన వివరం రాసుకోవడానికి ఈ గడి పెట్టారు. ఆ యంత్రం లేకపోయినా గడికి పేరు అలాగే నిలిచింది. మన ఊళ్లలో చెరువు పూడిపోయినా ‘చెరువుగట్టు వీధి’ అనే పేరు పోదు కదా, అలాగే.

కాబట్టి ప్రోగ్రాంలో పేరు కావాలంటే అందరూ మొదట నేర్చుకునే దారి ఇది: ‘గెట్‌యూఐడీ’తో అంకె అడగాలి, ఆ అంకెను ‘గెట్‌పీడబ్ల్యూయూఐడీ’కి ఇవ్వాలి, అది తెచ్చిన వరుసలోంచి పేరు తీసుకోవాలి. పాస్‌వర్డ్ ఫైలును మనమే తెరిచి వెతుక్కోవడం పొరపాటు. పెద్ద సంస్థల్లో యూజర్ల చిట్టా ఆ కంప్యూటర్లో ఉండదు, ఎల్‌డాప్ లాంటి సర్వర్లో ఉంటుంది. ఎక్కడున్నా వెతికి తెచ్చే బాధ్యత ఆ ఫంక్షన్‌దే. ఇందులో ఒక మెలిక ఉంది. అది తెచ్చే వరుసను ప్రతిసారీ ఒకే చోట పెట్టి ఇస్తుంది. లక్ష్మి వివరం అడిగి పక్కన పెట్టుకుని, తర్వాత రహీమ్ వివరం అడిగితే, మొదటి పాయింటర్లోనూ రహీమే కనిపించవచ్చు. పలక తుడిచి రాసినట్టన్నమాట. అందుకే పేరు చేతికి రాగానే కాపీ తీసుకోవాలి, లేదా చివర ‘ఆర్’ చేర్చిన రెండో రకం ఫంక్షన్ వాడి మన పలక మనమే ఇవ్వాలి.

ఈ దారికి ఇంకో పరిమితి కూడా ఉంది. ఫ్రీబీఎస్‌డీలో రూట్‌తో పాటు ‘టూర్’ అనే ఖాతా ఉండేది. రెండింటి అంకె సున్నాయే. టూర్‌గా లాగిన్ అయిన మనిషి పేరును అంకె ద్వారా అడిగితే రూట్ అనే వస్తుంది. ఒక అంకెకు ఇద్దరు వారసులుంటే అంకెలోంచి పేరు రాబట్టలేం.

ఇక అధికారం సంగతి. తహసీల్దారు సెలవు పెడితే పక్క మండలం నుంచి వచ్చిన ఇన్‌ఛార్జి ఆ కుర్చీలో కూర్చుంటారు. ఆయన సంతకానికి ఆ కుర్చీ బలం వస్తుంది, మనిషి మాత్రం మారడు. యూనిక్స్‌లో సెట్‌యూఐడీ చేసే పని ఇదే. దీన్ని కనిపెట్టింది డెనిస్ రిచీ, 1979లో ఆయన పేరున పేటెంటు వచ్చింది. మన రహస్యపదం మనమే మార్చుకోవాలి, కానీ అది ఉండే ఫైలు రూట్‌ది. అందుకని రహస్యపదం మార్చే ప్రోగ్రాం అనుమతులు చూస్తే ‘ఎక్స్’ ఉండవలసిన చోట ‘ఎస్’ అనే అక్షరం కనిపిస్తుంది. దాన్ని ఎవరు నడిపినా ఆ కాసేపు రూట్ అధికారంతో నడుస్తుంది. అప్పుడు కెర్నెల్ దగ్గర రెండు అంకెలుంటాయి. నడిపిన మనిషిది అసలు ఐడీ, పనిచేస్తున్న అధికారానిది ఎఫెక్టివ్ ఐడీ. ఆ ప్రోగ్రాం అసలు ఐడీని చూడడం మరిచిపోతే, ఊళ్లో ఎవరైనా వచ్చి ఎవరి రహస్యపదాన్నయినా మార్చి వెళ్లగలరు. ‘హూయామ్‌ఐ’ చెప్పేది ఎఫెక్టివ్ ఐడీ పేరు. కుర్చీ పేరు.

మరి గుమ్మం దాటిన పేరు? దానికోసం ‘గెట్‌లాగిన్’ ఉంది. పాత పద్ధతిలో అది ముందు మనం ఏ టెర్మినల్ దగ్గర ఉన్నామో కనుక్కునేది. తర్వాత, ఎవరెవరు ఏ టెర్మినల్లో ఉన్నారో రాసుకునే ‘యూటీఎంపీ’ అనే హాజరు పట్టీలో ఆ టెర్మినల్ ఎదురుగా ఉన్న పేరు చదివేది. పాత యూనిక్స్‌ల పట్టీలో పేరుకు కేటాయించిన చోటు ఎనిమిది అక్షరాలు. కెన్, డీఎమ్మార్ అని చిన్న పేర్లతో లాగిన్ అయిన బెల్ ల్యాబ్స్ వాళ్లకు ఎనిమిది ఎక్కువే. మన పేర్లకు చాలదు. వెంకటసుబ్బారావును ఇంగ్లిషు అక్షరాల్లో రాసి ఎనిమిది దగ్గర కత్తిరిస్తే ‘వెంకటస్’ మిగులుతుంది. వెంకటస్వామిని కత్తిరించినా అదే, వెంకటసుబ్బయ్యను కత్తిరించినా అదే. ముగ్గురు మనుషులు, పట్టీలో ఒకే పేరు. పైగా చాలా పాత సిస్టమ్‌లలో ఆ పట్టీని ఎవరైనా దిద్దగలిగేవారు. అందుకే గెట్‌లాగిన్ మాన్యువల్ పేజీలోనే, దీన్ని మోసం చేయడం తేలికని, భద్రత పనులకు నమ్మవద్దని హెచ్చరిక ఉంటుంది.

ఉద్యోగంలో కొత్తగా ఉన్న రోజుల్లో నేను ఆ హెచ్చరిక చదవలేదు. బ్యాకప్ ఎవరు నడిపారో నమోదు చేసే చిన్న ప్రోగ్రాంలో గెట్‌లాగిన్ ఇచ్చిన పేరును నేరుగా కాపీ చేశాను. టెర్మినల్ ముందు కూర్చుని పదిసార్లు నడిపాను, పదిసార్లూ పేరు సరిగ్గా వచ్చింది. ఆ రాత్రి రెండింటికి, చెప్పిన వేళకు ప్రోగ్రాములు తనంతట తానే నడిపే క్రాన్ దాన్ని నడిపింది. క్రాన్ వెనక టెర్మినల్ లేదు, హాజరు పట్టీలో వరుస లేదు, గెట్‌లాగిన్ శూన్యం ఇచ్చింది. శూన్యాన్ని కాపీ చేయబోయి ప్రోగ్రాం కూలిపోయింది. పొద్దున్న చూస్తే బ్యాకప్ లేదు. ‘ఎవరూ లేరు’ అన్నది కూడా ఒక జవాబేనని, దానికీ చోటు పెట్టి రాయాలని ఆ ఉదయం తెలుసుకున్నాను.

మూడో ప్రశ్నకు జవాబు ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్‌లో ఉంటుంది. బీఎస్‌డీ సంప్రదాయంలో దాని పేరు ‘యూజర్’, సిస్టమ్ ఫైవ్ సంప్రదాయంలో ‘లాగ్‌నేమ్’. చదవడం చాలా తేలిక, మార్చడం అంతకన్నా తేలిక. ఎవరైనా ఒక్క వరుసతో అందులో తమకు నచ్చిన పేరు పెట్టుకోవచ్చు. తెర మీద ‘నమస్కారం లక్ష్మిగారూ’ అని పలకరించడానికి అది చాలు. తాళం తీయడానికి పనికిరాదు.

లినక్స్‌లో ఇప్పుడు మరో మంచి ఏర్పాటు ఉంది. లాగిన్ అయిన క్షణంలో ఆ మనిషి అంకెను ‘లాగిన్‌యూఐడీ’గా ఆ సెషన్ మీద పచ్చబొట్టు పొడిచినట్టు వేస్తారు. అక్కడినుంచి పుట్టే ప్రతి ప్రాసెస్‌కూ అది వారసత్వంగా వస్తుంది. సుడో కొట్టినా, ఎస్‌యూ కొట్టి వేరే యూజర్‌గా మారినా అది మారదు. మొదట్లో ‘సుడో లాగ్‌నేమ్’కు లక్ష్మి అని జవాబొచ్చింది ఇందువల్లే. ఎవరూ లాగిన్ కాకుండా మొదలైన సర్వీసులకు అక్కడ 4294967295 అని ఉంటుంది, ముప్పైరెండు బిట్లూ ఒకట్లే. ఏ మనిషీ లేడని చెప్పడానికి వాడే అంకె అది.

ఆ బ్యాకప్ ప్రోగ్రాంను తర్వాత మళ్లీ రాశాను. నమోదు పుస్తకంలో పేరుకు ఒక గడి ఉన్నచోట రెండు పెట్టాను. ఇప్పుడు అందులో ఒక వరుస ‘లాగిన్: లక్ష్మి, అధికారం: రూట్’ అని ఉంటుంది. రాత్రి రెండు గంటల వరుసలో ‘లాగిన్: ఎవరూ లేరు, అధికారం: రూట్’ అని ఉంటుంది.