మూడు పదునుల ఒర

మోపెడ్ మీద కూర్చుంటే గానీ నిలువొర ఎంత విసిగిస్తుందో తెలియదు. కత్తి పిడి పక్కటెముకల కింద పొడుస్తుంది. ఒర అడుగు సీటుకు తగిలి బెల్టును పైకి నెడుతుంది. మామిడి తోటలో దిగి డ్రిప్పు పైపు దగ్గర గొంతుక్కూర్చుంటే తొడ మడతలో ఇరుక్కుంటుంది. నిలబడి ఫొటో దిగేవాడికి నిలువొర అందం. దినమంతా వంగి లేచేవాడికి కావలసింది నడుముకు అడ్డంగా పడుకునే ఒర.

అలాంటిదొకటి మూడేళ్లుగా నా బెల్టుకుంది. తిరుపతిలో రోడ్డు పక్కన చెప్పులు కుట్టే ఒక పెద్దాయన చేతి పని. ముదురు బెల్లం రంగు. పైన పువ్వూ లేదు, పేరూ లేదు. నాలుగంగుళాల అలుగున్న బుష్‌క్రాఫ్ట్ కత్తి ఇందులో ఉంటుంది. బుష్‌క్రాఫ్ట్ అంటే చేతిలో ఉన్న కొద్దిపాటి పనిముట్లతో అడవిలో పుల్ల చెక్కి, నిప్పు రాజేసి, గూడు కట్టుకుని మసలే విద్య. కెనడాకు చెందిన మోర్స్ కొచాన్‌స్కీ లాంటి గురువులు దాన్ని ప్రచారంలోకి తెచ్చారు. స్వీడన్‌లోని మోరా ఊరి పొట్టి కత్తులు దానికి గుర్తుగా మారాయి. కత్తిని బెల్టుకు అడ్డంగా పెట్టుకోవడాన్ని బుష్‌క్రాఫ్ట్ చేసేవాళ్లు స్కౌట్ క్యారీ అంటారు. పేరు కొత్తదే గానీ ఊహ మనకు కొత్త కాదు. నడుము వెనక మొలతాడులో కొడవలి దోపుకుని చింతచెట్టెక్కే మనిషిని చూడని పల్లె మన వైపు ఉంటుందా?

కత్తి తీసుకుని వెళ్లిన రోజు పెద్దాయన దాన్ని కాగితం మీద పెట్టి గీత గీసుకున్నాడు. తరవాత నా వైపు చూసి, “ఏ చేత్తో గుంజతావు సామీ?” అన్నాడు. కుడిచెయ్యి చూపించాను. “కూచ్చో” అన్నాడు. బెంచీ మీద కూర్చోబోయాను. “అట్ల కాదు, నేల మీద. నిలబడినోనికి ఏ ఒరైనా సరిపోతాది.”

కొలత ఆయన కూర్చున్న మనిషికే తీశాడు. బొడ్డుకూ ఎడమ తుంటి ఎముకకూ నడుమ, పిడి కుడివైపుకు తిరిగి ఉండేలా చోటు గుర్తుపెట్టాడు. అలుగూ పిడీ కలిపి ఎనిమిదిన్నర అంగుళాలు. ఇంకో రెండంగుళాలు పెరిగితే ఒక కొన పొట్టలోకో, ఇంకో కొన తుంటి దాటి గాలిలోకో పోతుంది. నడుము వంపు తిరిగిన వస్తువు, కత్తి వంగని వస్తువు. అడ్డొర పొట్టి కత్తికే నప్పడం అందువల్లే. వెనక నడుముకు పెట్టుకునేవాళ్లూ ఉన్నారు. “ఎల్లకిల్లా పడితే ఎన్నుపూసకు తగలదా?” అని ఆయన ఆ మాట అక్కడే తుంచేశాడు.

చివరికి షరతు కూడా తనే చెప్పాడు. “గుంజితే రావల్ల. ఉరికితే పడకూడదు. అంతే గదా?”

అంతే. కానీ ఆ అంతేలోనే పనంతా ఉంది. నిలువొరలో సగం పని భూమిదే. కత్తిని కిందికి లాగి ఉంచేది దాని బరువే. తోలు కాస్త వదులైనా కత్తి ఒర అడుగునే కూర్చుంటుంది. అదే ఒరను అడ్డం తిప్పితే ఆ సాయం పోతుంది. వేసే ప్రతి అడుగూ, మోపెడ్ ఎగిరే ప్రతి గుంతా కత్తిని ఒర నోటి వైపు జరుపుతుంటాయి. భూమి వదిలేసిన పనిని తోలు ఒక్కటే చేయాలి. ఈ ఒరలో కనిపించే ప్రతి నిర్ణయమూ ఆ ఒక్క చిక్కుకు జవాబే.

మొదటి జవాబు తోలు ఎంపిక. పెద్దాయన దగ్గరున్న బ్యాగు తోలు ముక్కనొకదాన్ని మడిచి వదిలాడు. అది మెత్తగా విచ్చుకుని యథాస్థితికి వచ్చింది. “ఇది మరిచిపోతాది సామీ. నీకు గుర్తుపెట్టుకునే తోలు కావల్ల. రాణిపేట వైపు దొరుకుతాది, చెక్కతో పదును చేసింది తెచ్చుకో.” ఆయన చెప్పిన తేడా సరైనదే. క్రోమియం లవణాలతో పదును చేసిన తోలు మెత్తన, సాగుతుంది, త్వరగా తయారవుతుంది. సంచులకూ బూట్లకూ మంచిది. మద్రాసులో 1903 ప్రాంతంలో ఆల్‌ఫ్రెడ్ చాటర్టన్ ఆ పద్ధతిని ప్రయోగాలతో నిలబెట్టాడు. అంతకుముందు దక్షిణాది తోలంతా చెట్ల బెరడుతోనే. తంగేడు చెక్క, కరక్కాయ నానిన లందలలో రోజుల తరబడి మునిగి, టానిన్ తాగి గట్టిపడిన తోలది. దాన్ని తడిపి ఒక రూపానికి ఒత్తితే ఆరాక ఆ రూపంలోనే నిలుస్తుంది.

రాణిపేట, ఆంబూరు, వాణియంబాడి పాలారు తీరపు తోళ్ల ఊళ్లు. ఆ పాలారు తమిళనాడులో అడుగుపెట్టే ముందు మన కుప్పం వైపు నుంచే పోతుంది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా రాణిపేటా ఆంబూరూ చిత్తూరూ ఉత్తర ఆర్కాటు జిల్లాలోనే ఉండేవి. ఆ జిల్లాకు ముఖ్యపట్టణం చిత్తూరే. అందుకే నా ఒర తోలు పొరుగు రాష్ట్రం నుంచి వచ్చిందంటే నాకు పూర్తిగా ఒప్పబుద్ధి కాదు.

రెండో జవాబు నీళ్లు. మూడు మిల్లీమీటర్లకు పైగా మందమున్న తోలు ముక్కను ఆయన గోరువెచ్చని నీళ్లలో ముంచాడు. బుడగలు వచ్చి ఆగిపోయాక తీసి గుడ్డలో చుట్టి పక్కన పెట్టాడు. నేను తొందరపడితే, “ఇంకా పదును రాలేదు” అన్నాడు. నాకు నవ్వొచ్చింది. తోలును బెరడుతో శుద్ధి చేయడమూ పదునే. కత్తి వాదరదీ పదునే. వాన పడ్డాక మడక కట్టడానికి నేల సిద్ధమైతే అదీ పదునే. తడి మరీ ఎక్కువైతే నేల మడకకు అంటుకుంటుంది, తక్కువైతే పెళ్ల లేస్తుంది. తోలూ అంతే. నీళ్లు కారుతుంటే ఒత్తిన అచ్చు నిలవదు, ఆరిపోతే పగులుతుంది. పైన రంగు లేతబడుతూ, వేలితో నొక్కితే ముద్ర నిలిచే ఒక వేళ ఉంటుంది. ఆయన చెంప మీద పెట్టుకుని చూశాడు. “ఇప్పుడుండాది.”

ప్లాస్టిక్ కాగితం చుట్టిన కత్తిని లోపల దోపి, బొటనవేళ్లతోనూ నున్నటి కర్రముక్కతోనూ ఒత్తడం మొదలుపెట్టాడు. అలుగు దగ్గర పెద్దగా ఒత్తలేదు. ఆయన దృష్టంతా పిడి మీదే. ఈ కత్తి పిడి మధ్యలో లావుగా, అలుగు వైపు సన్నగా ఉంటుంది. ఆ లావును దాటి ఒర నోరు మూసుకునేలా తోలును లోపలికి తోశాడు. పిడిలో సగానికి పైగా ఒరలోనే ఉంటుంది. బయటికి రావాలంటే ఆ లావు భాగం సన్నని నోటిని విప్పుకుని రావాలి. కాస్త లాగితే తోలు విచ్చుకుంటుంది. కుదుపులకు మాత్రం విచ్చుకోదు. భూమి చేయాల్సిన పని ఇప్పుడు ఆ చిన్న నొక్కు చేస్తోంది. తర్వాత నీడలో రెండు రోజులు ఆరనిచ్చాడు. తిరుపతి ఎండలో పెడితే తోలు అప్పడమే.

మూడో జవాబు మీరు చూడనిది. మడత పైకి, కుట్టు కిందికి ఉండేలా ఒరను మడిచాడు. అంటే కత్తి వీపు పైన, వాదర కింద. తిప్పి పెడితే వాదర దేన్నీ కోయదు కదా అనిపిస్తుంది. కానీ కుడిచేత్తో అడ్డంగా లాగినప్పుడు వాదర పొట్ట వైపో ముంజేతి వైపో పైకి లేస్తుంది. అందుకే వాదర కిందికే. అయితే దినమంతా కత్తి బరువు వాదర మీదుగా కుట్టు వైపే ఆని ఉంటుంది, దారాన్ని కోసేస్తుంది. కనుక రెండు పొరల నడుమ వాదర పొడవునా ఇంకో తోలు పట్టీ పెట్టాడు. వాదర ఆనేది దానికి, దారానికి కాదు. ఆ పట్టీని రంపెతో ఒక కొన వైపు పలచగా చెక్కాడు. ఇప్పుడు అతుకు చోట వేలు పెట్టి రాసినా మెట్టు తగలదు. కొన దగ్గర కింది వైపు చిన్న రంధ్రం వదిలాడు. వానలో తడిస్తే నీళ్లు పోయే దారి అది.

కుట్టు చూడండి. అంగుళానికి ఆరు. మైనం రుద్దిన ఒకే దారం, రెండు చివరలా రెండు సూదులు. ఆరతో తోలుకు వాలుగా రంధ్రం పొడిచి, రెండు సూదులనూ ఎదురెదురుగా అదే రంధ్రంలోంచి దాటించాడు. మిషను కుట్టులో పై దారం, కింది దారం ఒకదాన్నొకటి కొలికి వేసుకుని ఉంటాయి. ఒకటి తెగితే వరుసగా విడిపోవచ్చు. ఇక్కడ ప్రతి రంధ్రంలోనూ దారం పేటలు రెండున్నాయి. ఒకటి తెగినా రెండోది పట్టుకునే ఉంటుంది. మూడు పొరలు కలిపి దాదాపు సెంటీమీటరు మందం. వెనక వైపు తిప్పి చూస్తే కుట్లు ముందు వైపు ఉన్నంత వరుసగానే ఉన్నాయి. ఎవరూ చూడని వైపది.

బెల్టు దూరే కంతలు రెండు. రెండూ మధ్యలో దగ్గరగా ఉంటే పిడి బరువుకు ఒర ఏతాంలా వాలుతుంది. మరీ దూరంగా ఉంటే నడుము వంపు మీద బెల్టు విల్లులా లేచి ఒర ఊగుతుంది. ఒకటి నోటి వెనకే, ఇంకోటి కొనకు ముందు, నడుమ నాలుగంగుళాలు. బెల్టు కంతలో బిగువుగా జారాలి, వదులుగా కాదు.

ఇనుప మేకు ఒక్కటీ లేదు, ఉన్నవి రెండు ఇత్తడి రివెట్లు. ఎందుకని అడిగితే, “ఇనుము తగిలిన చోట తోలు నల్లబడి తినేస్తాది” అన్నాడు. ఈ రసాయనం మన వైపు బాగా పరిచయమే. శ్రీకాళహస్తి కలంకారీలో బట్టను కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో నానబెట్టి ఆరేస్తారు. తుప్పు ఇనుమూ బెల్లమూ పులిసిన నీళ్లతో దాని మీద గీస్తే నలుపు పుడుతుంది. కరక్కాయలోని టానిన్, నీళ్లలోని ఇనుము కలిసిన నలుపది. తోలులోనూ అదే టానిన్, అలుగులోనూ అదే ఇనుము. తడి తోడైతే శ్రీకాళహస్తిలో కళ అయ్యేది ఇక్కడ మచ్చవుతుంది. నా కార్బన్ స్టీలు అలుగు మీద మొదటి కార్తె వానలకే మబ్బు లాంటి నల్లమరక పడింది. ఒర నడుముకు పెట్టుకోవడానికే గానీ కత్తి దాచడానికి కాదని అప్పుడర్థమైంది. ఇంట్లో కత్తి విడిగా, నూనె రాసి ఉంటుంది. ఒరకు మాత్రం ఆముదం పెట్టను. కిర్రు చెప్పులకు ఆముదం తాగిస్తే మెత్తబడి కాలికి ఒదుగుతాయి. ఒర మెత్తబడితే నోటి నొక్కు వదులవుతుంది. దానికి తేనెమైనమే చాలు.

ఇది తోటకే. శేషాచలం కాపలా ఉన్న అడవి, ఎర్రచందనం దొంగల కోసం వెతికే అడవి. అక్కడ నడుముకు కత్తితో తిరిగితే అర్థం వేరే. అలిపిరి తనిఖీ దాకా దీన్ని తీసుకెళ్లనక్కర్లేదు.

అయినా అలిపిరి పేరు ఎత్తితే ఈ పనివాడి విద్య గుర్తొస్తుంది. తిరుమల కొండ కింద పాదాల మండపంలో స్వామి పాదరక్షలను భక్తులు నెత్తిన పెట్టుకుని ప్రదక్షిణ చేస్తారు. స్వామి రాత్రిళ్లు అలమేలుమంగ కోసం కొండ దిగి వస్తాడనీ, నడిచి నడిచి చెప్పులు అరిగిపోతాయనీ, అందుకే మళ్లీ తోలు చెప్పులు కుట్టి అర్పిస్తారనీ చెప్పుకుంటారు. దేవుడి చెప్పులకైనా అరుగుదల తప్పదని ఒప్పుకున్న కథ అది.

మొన్న ఒర లోపలి పట్టీ మీద వాదర గాడి తీసిందని గమనించి, పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను. తిరగేసి ఊపాడు. కత్తి కదల్లేదు. బొటనవేలితో ఒర నోటిని నెట్టి లాగాడు. టక్కున వచ్చింది. దారం మీద గోరు వేసి చూశాడు, ఒక్క పోగూ తెగలేదు. “పట్టీ ఒకటే అరిగింది. దాన్ని పెట్టిందే అరగడానికి సామీ, మారుస్తా” అని కుట్టు విప్పడానికి ఆర అందుకున్నాడు. కూర్చోమని నాకు చెప్పాల్సిన పని లేకపోయింది. నేల మీద బాసింపట్టు వేసుకుని ఎప్పుడు కూర్చున్నానో నాకే గుర్తు లేదు.