మోగుతున్నదా, మోగుతలేదా?

పత్తికి మందు కొట్టే రోజుల్లో ఆదిలాబాద్‌లోనో జమ్మికుంటలోనో స్ప్రేయర్లు బాగుచేసే దుకాణం ముందు కాసేపు నిలబడి చూడాలి. వీపున మోసే బ్యాటరీ పంపులు ఒకదాని వెనుక ఒకటి వస్తుంటాయి. పనితనం తెలిసిన మెకానిక్ ముందు స్క్రూడ్రైవర్ పట్టడు, అడుగుతాడు.

"మోటార్ మోగుతున్నదా, బాపూ?"

"మోగుతున్నది బిడ్డా. నీళ్లే వస్తలేవు."

ఆ ఒక్క మాటతో సగం వెతుకులాట తప్పిపోయింది. మోటార్ తిరుగుతోందంటే ఫ్యూజు, స్విచ్చు, వైర్ల జోలికి పోనక్కర్లేదు. తప్పు నీటి దారిలో ఉంది.

డబ్బా అడుగున ఉండేది అరచేతిలో ఇమిడే 12 వోల్టుల డయాఫ్రం పంపు. మోటార్ తిరిగినప్పుడల్లా ఒక రబ్బరు పొర ముందుకూ వెనక్కూ ఊగుతుంది. వెనక్కి పోతే లోపలి వాల్వు తెరుచుకుని నీళ్లు చేరతాయి. ముందుకొస్తే అది మూసుకుని బయటి వాల్వు తెరుచుకుంటుంది. వాల్వులంటే గోరంత రబ్బరు బిళ్లలే. ఒకదాని కింద కరగని పొడి మందు పలుకు ఇరికితే చాలు, నీళ్లు వచ్చిన దారినే వెనక్కి పోతాయి. 

అయినా మెకానిక్ వెంటనే వాల్వు విప్పడు. ముందు నీళ్లు వడకట్టే జాలీ కడుగుతాడు. తర్వాత పంపు నీళ్లు పీల్చే మూతి దగ్గర పైపు ఊడదీసి, గ్లవుజు వేసుకున్న వేలు అడ్డం పెట్టి మోటార్ వేస్తాడు. వేలిని గట్టిగా లాగితే పంపు మంచిదే, పైపు బిగింపు దగ్గర గాలి దూరుతోంది. లాగకపోతేనే పంపు తల విప్పుతాడు. నాకు ఈ వరుస చాలా గొప్పగా కనిపిస్తుంది. మంచి భాగాన్ని అనవసరంగా విప్పితే పాత రబ్బరు మళ్లీ సరిగా కూర్చోదు, లేని జబ్బు పుట్టుకొస్తుంది.

ఈ పంపులో నేను అన్నిటికన్నా మెచ్చేది ప్రెషర్ స్విచ్చు. మందు చిమ్మే గన్ మూయగానే నీటి ఒత్తిడి పెరిగి స్విచ్చును నొక్కుతుంది, మోటార్ ఆగుతుంది. గన్ తెరిస్తే ఒత్తిడి పడిపోయి మళ్లీ మొదలవుతుంది. అందుకే గన్ మూసి చెవి పెట్టడమే అసలు పరీక్ష. మోటార్ అసలు ఆగకపోతే పంపు చాలినంత ఒత్తిడి తేవట్లేదు: గాలి దూరుతుండాలి, పొర చిరిగి ఉండాలి, లేదా బ్యాటరీ దిగి ఉండాలి. ఆగి, కాసేపటికి ఒక్క కుదుపు కుదిపి మళ్లీ ఆగితే ఎక్కడో చుక్క కారుతోంది, లేదా వాల్వు నీటిని నిలపట్లేదు. ఆ రెండు చప్పుళ్ల తేడా పట్టుకోవడానికి ఎన్ని సీజన్లు పడతాయో!

"మోగుతలేదు" అంటే దారి వేరు. మంచి బ్యాటరీ నుంచి మోటార్‌కు నేరుగా రెండు వైర్లు తగిలిస్తాడు. తిరిగితే మోటార్ మంచిదే. తర్వాత ప్రెషర్ స్విచ్చు వైర్లు రెండూ కలుపుతాడు. అప్పుడు తిరిగితే స్విచ్చే పోయింది. మందు తడికి వైరు కొసలు పచ్చగా చిలుము పట్టడం మామూలే. సీసపు బ్యాటరీ నిండుగా ఉండి ఊరికే ఉన్నప్పుడు 12.7 వోల్టుల దాకా చూపిస్తుంది, కానీ ఆ అంకెను అతను నమ్మడు. మోటార్ తిరుగుతుండగా ఎంతకు పడిందో చూస్తాడు.

ఆదిలాబాద్ నుంచి పెన్‌గంగ నది దాటితే మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లా. 2017లో అక్కడ పత్తికి మందు కొడుతూ విషం సోకి పలువురు రైతులు, కూలీలు చనిపోయారు. మందు ఒంటికి తగిలినా, గాలితో లోపలికి పోయినా ప్రమాదమే. వీపున మోసే పంపులో కారే చుక్క నేరుగా చొక్కాలోకి దిగుతుంది. అందుకే చివర్న మంచినీళ్లు నింపి, గన్ మూసి, ప్రతి అతుకునూ పొడి గుడ్డతో తుడిచి ఆ గుడ్డను చూసే మెకానిక్ అంటే నాకు గౌరవం. గుడ్డ ఏ మాత్రం తడిసినా అతను పంపును రైతు చేతికివ్వడు, మళ్లీ బల్ల మీద పెడతాడు.