తగాదా పుట్టకముందు రాసిన కాగితం

వంశవృక్షం ఎవరైనా గీస్తారు. దాన్ని నిలబెట్టడం వేరే విద్య. దాయాదులిద్దరు కోర్టుకెక్కి, ఒకరు 'మా ముత్తాతా వీళ్ల ముత్తాతా అన్నదమ్ములు' అని, రెండోవారు 'వీళ్లెవరో మాకు తెలియదు' అని నిలబడ్డప్పుడు, పాత ఉత్తరాలూ దస్తావేజులూ ముందేసుకుని నిజం తేల్చగల మనుషులు మన జిల్లా కోర్టుల చుట్టూ ఒకప్పుడు పుష్కలంగా ఉండేవారు. వకీళ్లు, వాళ్ల గుమాస్తాలు, దస్తావేజు లేఖరులు, కరణాలు. వాళ్లను ఎవరూ పండితులనలేదు, శాలువాలు కప్పలేదు. శాసనాలు చదివిన పరిశోధకులకు వాళ్లు ఏ మాత్రం తీసిపోరని నేను ఏ సభలోనైనా చెబుతాను.

ఈ విద్యలో మొదటి ప్రశ్న ఒక్కటే: కాగితం తగాదాకు ముందు పుట్టిందా, తరవాతా? 1872 నాటి సాక్ష్య చట్టం 32వ సెక్షన్ ఈ ప్రశ్న మీదే నిలిచింది. చనిపోయినవాళ్లు బంధుత్వం గురించి చెప్పిన మాటనూ రాసిన రాతనూ సాక్ష్యంగా తీసుకోవచ్చు, అయితే అది వివాదం తలెత్తకముందుదై ఉండాలి. 2024 జూలైలో అమల్లోకి వచ్చిన కొత్త చట్టం కూడా ఈ నియమాన్ని అలాగే ఉంచింది. ఇక 30 ఏళ్లు దాటిన కాగితం, ఉండవలసిన చోటి నుంచే బయటికొస్తే, అందులో చేవ్రాలు నిజమైనదేనని కోర్టు అనుకోవచ్చు. అందుకే పనితెలిసిన గుమాస్తా కాగితం విప్పకముందే 'ఇది ఎవరింట్లో, ఏ పెట్టెలో దొరికింది?' అని అడుగుతాడు.

కాకినాడలో పేరున్న వకీలు దగ్గర జీవితమంతా గుమాస్తాగా గడిపిన ఒక పెద్దాయన పనితనం దగ్గరుండి చూసే అదృష్టం నాకు దక్కింది. ఒక దావాలో అంతా ఒక ఉత్తరం మీద ఆగింది. దాని మీద 'రక్తాక్షి సంవత్సర మాఘ బహుళ పంచమి' అని తప్ప ఇంకే తేదీ లేదు. రక్తాక్షి 1864లో వచ్చింది, మళ్లీ 1924లో వచ్చింది. మన ఇళ్లలో తాత పేరు మనవడికి పెడతారు కాబట్టి, అరవై ఏళ్ల తేడాతో అదే ఇంటిపేరు, అదే పేరు ఉన్న ఇద్దరు సుబ్బయ్యలు! రాసింది తాతా, మనవడా? అవతలివాళ్లు తాతే అన్నారు. తాతైతే ఆస్తి వాళ్లది. పెద్దాయన ఆ ఉత్తరాన్ని అటూ ఇటూ తిప్పి, 'ఇది పోస్టుకార్డు కదండీ. మన దేశంలో కార్డు పుట్టిందే 1879లో' అన్నారు. అంతే. గంటల తరబడి నడిచిన వాదన ఆ ఒక్క మాటతో కూలిపోయింది. తెలివి అంటే అదీ!

ఆయన ఉత్తరం చదివే తీరే వేరు. అసలు విషయం చివర చదివేవారు. ముందు సంబోధన చూసేవారు. 'బావగారికి' అని మొదలుపెట్టినవాడు దాయాది కాడు, పినతండ్రి కొడుకైతే 'అన్నయ్యగారికి' అని రాస్తాడు. తరవాత మైల కబురు వెతికేవారు. ఫలానావారు పోయారని తెలిసి పది రోజులు మైల పట్టామని రాస్తే వాళ్లు జ్ఞాతులు. మూడు రోజులతో సరిపెడితే దూరపువాళ్లో, ఆడపడుచు తరఫువాళ్లో. రాసినవాడికి ఆస్తి మీద ఆలోచనే లేదు, ఆచారం పాటించి కబురు పంపాడంతే. వందేళ్ల తరవాత ఆ వాక్యమే వారసుడెవరో చెబుతుంది.

ఇంతకన్నా గొప్ప ఎత్తు పక్కవాడి దస్తావేజు. మనవాళ్లు తమ గురించి తాము రాసుకున్నదాంట్లో స్వార్థం ఉండొచ్చు. పక్క పొలం అమ్మినవాడికి మన వంశంతో పనేమిటి? తన హద్దులు చెప్పుకుంటూ 'తూర్పు: కీర్తిశేషులు వెంకటప్పయ్యగారి కుమారులు రామయ్య వగైరాల భూమి' అని రాయించి పోయాడు. తండ్రీ కొడుకుల సంబంధం, తండ్రి అప్పటికే పోయాడన్న సంగతి, పంపకాలు ఇంకా కాలేదన్న ఆనవాలు, మూడూ ఒక్క హద్దులో దొరికాయి. సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో తమ ఇంటి నకళ్లే కాక చుట్టూ నాలుగు హద్దులవాళ్ల నకళ్లూ తీయించేవాడే ఈ పనిలో మొనగాడు.

దత్తతల దగ్గర ఈ విద్య ఇంకా సూక్ష్మమవుతుంది. భర్త అనుమతి లేకపోయినా, అతని సపిండుల, అంటే దగ్గరి జ్ఞాతుల, సమ్మతితో వితంతువు దత్తత చేసుకోవచ్చని రామనాథపురం కేసులో ప్రీవీ కౌన్సిల్ 1868లో తేల్చింది. అప్పటినుంచి మద్రాసు రాజధానిలో సమ్మతి ఉత్తరాలు పోగుపడ్డాయి. ఆ ఉత్తరాలు అడిగించుకున్నవాడు ఆ ఇంటి జ్ఞాతి అని ఇంటివాళ్లే ఒప్పుకున్నట్టు కదా! దత్తత చెల్లుతుందా లేదా అన్నది వేరే సంగతి, వంశం మాత్రం అక్కడ బయటపడుతుంది. పిఠాపురం జమీందారీలో దత్తపుత్రుడికీ, తరవాత పుట్టిన కుమారుడికీ మధ్య నడిచిన దావా 1899లో ప్రీవీ కౌన్సిల్ దాకా వెళ్లి, చివరికి వీలునామా బలం మీద తేలింది. గెలిచిన ఆ కుమారుడే పెరిగి సూర్యరాయాంధ్ర నిఘంటువును పోషించాడు. ఆ కాగితం నిలబడకపోతే మన భాషకు ఎంత నష్టమో!

ఇనాం భూములవాళ్లకు 1858లో మొదలైన ఇనాం కమిషన్ రిజిస్టర్లు పెన్నిధి. మొదట దానం పొందినవారికీ అప్పటి అనుభవదారుకూ బంధుత్వమేమిటో వాటిలో రాశారు. తెలంగాణలో ఇనాం హక్కు పత్రాలైన మున్తఖబ్‌లు, విరాసత్ (వారసత్వ) ఫైళ్లు, వాటికి జతపరిచిన షజ్రాలు (వంశవృక్షాలు) అదే పని చేస్తాయి. అవి చదవాలంటే షికస్తా అనే ఫార్సీ గొలుసురాత రావాలి.

ఇక దొంగ వంశవృక్షాలకు గుణపాఠం కావాలంటే బేతియా రాజ్ కేసు చదవాలి. బీహార్‌లోని ఆ సంస్థానానికి చివరి మహారాజు హరేంద్ర కిశోర్ సింగ్ 1893లో పిల్లలు లేకుండా పోయారు. కోర్ట్ ఆఫ్ వార్డ్స్ పాలనలో బతికిన రాణి జానకీ కువర్ 1954లో పోయారు. వెంటనే కొందరు వారసులమంటూ వంశావళులతో బయల్దేరారు. కింది కోర్టు నమ్మలేదు, హైకోర్టులో మెజారిటీ నమ్మింది, 1983లో సుప్రీంకోర్టు కొట్టేసింది. జస్టిస్ ఫజల్ అలీ రాసిన ఆ తీర్పు ఈ విద్యకు పాఠ్యపుస్తకం: వంశావళి ఎంత పొడవుందని కాదు, ఎక్కడి నుంచి వచ్చింది, ఎవరు రాశారు, రాసినవారికి ఎలా తెలుసు, అన్నది చూడాలని.

ఈ ప్రశ్నలు ఇప్పుడు అడిగేవారేరీ? డబ్బు కడితే ఏ ఇంటిపేరునైనా కాకతీయుల సేనానికో, విజయనగర మంత్రికో ముడిపెట్టి, బంగారు రంగు అంచుతో అచ్చు వేసి ఇచ్చేవాళ్లు తయారయ్యారు. ఇంట్లో పటం కట్టించుకుంటున్నారు! ఒక్క తరానికైనా ఆధారం లేదు. వీటికన్నా దుర్మార్గం టీ డికాక్షన్‌లో ముంచి పాతబరిచిన స్టాంపు కాగితాలు. 1928 నాటి దస్తావేజట, దాని మీద ఆరో జార్జి బొమ్మ! ఆయన గద్దెనెక్కిందే 1936 డిసెంబరులో. ఇదీ ఒక పనితనమేనా? డీఎన్ఏ పరీక్షే అన్నిటికీ మందన్నవాళ్లతో కూడా నాకు పేచీ ఉంది. అది పుట్టుకను చెబుతుంది. దత్తత వెళ్లిన కొడుకు ఏ ఇంటివాడో, ఎవరికి పిండం పెట్టాలో, ఎవరి ఆస్తికి హక్కుదారో చెప్పేది ఆ రోజు రాసుకున్న కాగితమే.

1984లో కరణీకాలు రద్దయ్యాక ఊళ్లలోని ఎన్ని కట్టలు చెదలపాలయ్యాయో, ఎన్ని తూకానికి పోయాయో తలచుకుంటే కడుపు రగులుతుంది. ఆ పద్ధతిలో అన్యాయాలు జరగలేదని నేననను. అందుకు కాగితాలేం పాపం చేశాయి? గొలుసుకట్టు రాత చదవగలిగిన చివరి తరం కళ్ల ముందే వెళ్లిపోతోంది. లా కాలేజీలోగాని, చరిత్ర శాఖలోగాని దాన్ని ఒక్క టర్మైనా నేర్పితే ఎంత మేలు! ప్రభుత్వ ఆర్కైవ్స్ వారు ఇంకా బతికున్న గుమాస్తాలను, లేఖరులను పిలిచి కూర్చోబెట్టి ఈ విద్యను రాయించాలి. ఇంకో పదేళ్లాగితే పిలవడానికి మనుషులుండరు.

పాఠకులకు నా వేడుకోలు. మీ ఇంటి అటక మీద ట్రంకు పెట్టె ఉంటే దాన్ని తూకానికి అమ్మకండి. కవర్లు చించి పారేయకండి, పోస్టు ముద్ర కూడా సాక్ష్యమే. ఏ ఉత్తరం ఏ కట్టలో ఉందో అలాగే ఉంచి ఫొటో తీయండి. ఎవరింటి నుంచి ఎవరికి వచ్చిందో, ఏ పెట్టెలో దొరికిందో ఒక నోటుపుస్తకంలో రాసి, మీ సంతకం, తేదీ వేయండి. ఇప్పుడు మీ దాయాదులతో సఖ్యంగా ఉన్నారు కదా, ఆ పని ఇప్పుడే చేయండి.