గుద్దినవాడు వదిలిపోయిన రంగు

మాల్ సెల్లార్లోనో, జూబ్లీహిల్స్‌లో ఏ హోటల్ ముందో ఆపి ఉంచిన పోర్షే 911ను ఎవరో గుద్ది చెప్పాపెట్టకుండా జారుకున్నారనుకుందాం. యజమాని చేసే మొదటి పని దాదాపు ఎప్పుడూ ఒకటే: వేలు తడి చేసుకుని గీత మీద రుద్దడం. రెండోది, తెలిసిన డెంటింగ్ మేస్త్రీకి ఫోన్. ఆ గంటలో చేయకూడనివి సరిగ్గా ఈ రెండే. ఆ గీతలో ఉన్నది మన నష్టం ఒక్కటే కాదు, అవతలి బండి ఆచూకీ కూడా. దాన్ని చదవకముందే చెరిపేస్తే, ఎవరో చేసిన నష్టం మన ఖాతాలోకి వచ్చిపడుతుంది.

ఆ గీతను దగ్గర్నుంచి చూడండి. మన రంగు లేచిపోయిన చోటు వేరు, అవతలి బండి రంగు మన రంగు మీద అంటుకున్న చోటు వేరు. రెండోది పల్చటి పొర, థిన్నర్ గుడ్డ తగిలితే చాలు మాయమవుతుంది. గీత ఒక కొసన రంగు చిన్న గట్టులా పేరుకుని ఉంటే, తగిలిన బండి ఆ వైపుకే కదిలిందని అర్థం. నేల నుంచి గీత ఎంత ఎత్తులో ఉందో టేపు పెట్టి, ఆ టేపు కనిపించేలా ఫోటో తీస్తే అది కారు బంపరా, ఆటో అంచా, బైకు ఫుట్‌రెస్టా అన్నది చాలావరకు తేలిపోతుంది. కింద పడిన టెయిల్ ల్యాంప్ ముక్క మీద తయారీదారు గుర్తో, పార్టు నంబరో అచ్చయి ఉండొచ్చు. పిల్లరు నంబరు, పక్కన నిలిపిన బండ్ల ప్లేట్లు, ఆపైన టార్చిని ఏటవాలుగా పట్టుకుని గీత: ఫోటోలు ఈ వరసలో తీయాలి. కెమెరా రికార్డింగుకు ఆయుష్షు తక్కువ, పాతదాని మీద కొత్తది పడిపోతూనే ఉంటుంది. జనం గుమిగూడే పెద్ద సంస్థలు దృశ్యాలను 30 రోజులు దాచి, పోలీసులు అడిగితే ఇవ్వాలని 2013లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ తెచ్చిన ప్రజా భద్రత చట్టం చెబుతోంది. మేనేజరు మనకు చూపించకపోవచ్చు. భద్రపరచమని అదే రోజు రాతపూర్వకంగా అడిగితే మాత్రం, తర్వాత చెరిగిపోయిందనడం అంత తేలిక కాదు.

గోటితో పోయేదానికి గొడ్డలెందుకు, ఇన్సూరెన్స్ ఉందిగా అంటారు. ఉంది, కానీ ఉచితంగా లేదు. అయిదేళ్లు క్లెయిమ్ లేకుండా నడిపితే ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో 50 శాతం దాకా వచ్చే నో క్లెయిమ్ బోనస్, ప్రత్యేక రక్షణ కొనుక్కోకపోతే, ఒక్క క్లెయిముతో సున్నా అవుతుంది. తరుగుదల కోత లేని జీరో డెప్ రక్షణ తీసుకోకపోతే ప్లాస్టిక్ బంపరు ధరలో సగం మన జేబులోంచే. పైగా స్పోర్ట్స్ కారుకు గోటితో పోయే గాయాలు తక్కువ. ఇప్పటి 911కు ముందూ వెనకా బంపర్లు తప్పిస్తే పైతొడుగంతా అల్యూమినియమే. ఉక్కు రేకులా అది తేలిగ్గా పాత ఆకారానికి రాదు, సాగదీస్తే గట్టిపడి పగులుతుంది. ఉక్కు మీద వాడిన పనిముట్లే దీని మీదా వాడితే ఇనుప రజను ఇరుక్కుని తర్వాత తుప్పు మొదలవుతుంది. ఇక బంపరు సంగతి: సొట్టపడి మళ్లీ తనంతట తానే యథాస్థానానికి వచ్చేస్తుంది, దాని వెనకున్న సెన్సరు బ్రాకెట్టు మాత్రం వంకరగానే ఉండిపోతుంది.

కోట్ల కారు వాడికి గీత ఒక బాధా అనేది రెండో ఆక్షేపణ. గుద్దినవాడు పదిహేను వేల జీతపు డ్రైవరైతే ఇది గట్టి ప్రశ్నే. 911 ఎత్తు 1.3 మీటర్లు, ఫార్చ్యూనర్ 1.8 దాటుతుంది. అంత ఎత్తు బండిని రివర్సులో తీసేవాడికి కిందున్న కారు సరిగా కనిపించకపోవచ్చు కనుక, కావాలని చేయలేదన్న మాట చాలాసార్లు నిజమే. పెద్ద కారుకు తగిలిస్తే చొక్కా పట్టుకుంటారన్న భయమూ ఉత్తది కాదు (పట్టుకునేవాళ్లను రోజూ చూస్తూనే ఉన్నాం). అయితే చట్టం అతన్ని దెబ్బతిన్న కారు యజమాని ఎదుటే నిలబడమనలేదు. మోటారు వాహనాల చట్టం 134వ సెక్షన్ ప్రకారం 24 గంటల్లోగా దగ్గర్లోని పోలీసు స్టేషన్లో చెప్పాలి. అతను నడిపే కారుకు తప్పనిసరిగా ఉండాల్సిన థర్డ్ పార్టీ పాలసీ ఇతరుల ఆస్తి నష్టాన్ని మామూలుగా 7.5 లక్షల దాకా భరిస్తుంది. అంటే అతను పారిపోయింది, చాలావరకు, తన యజమాని ముందే ప్రీమియం కట్టేసిన ఖర్చు నుంచి. పారిపోతేనే, 2019 సవరణ తర్వాత, ఆరు నెలల దాకా జైలో, 5 వేల దాకా జరిమానానో, రెండూనో. జర్మనీలో ఉంటున్న మనవాళ్లకు ఇది ఇంకా బాగా తెలియాలి: అక్కడ అద్దం మీద చీటీ పెట్టి వెళ్లిపోయినా నేరమే, శిక్ష మూడేళ్ల దాకా ఉండొచ్చు.

పోలీసులకు ఇంతకన్నా పెద్ద పనులుంటాయన్నది కాదనలేని మాట. ఖాళీ కారును గుద్దితే మనిషి ప్రాణానికి ముప్పేదని నిర్లక్ష్యపు డ్రైవింగ్ కేసుకు వెనకాడతారు, ఉద్దేశం లేదు కనుక ఆస్తి ధ్వంసం కేసూ కుదరదంటారు. స్టేషన్లో మనకు కావలసింది అరెస్టు కాదు, జనరల్ డైరీలో ఒక నమోదు, కెమెరా దృశ్యం కోసం ఒక లేఖ. నంబరు దొరికితే ఆ బండికి బీమా ఉందో లేదో ఎం-పరివాహన్ యాప్‌లో చూసుకోవచ్చు. ఆస్తి నష్టానికి కూడా మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చన్న సంగతి చాలామందికి తెలియదు. అక్కడ కాలయాపన తప్పదు, అందుకే చాలా తగాదాలు నంబరు తెలిశాక ఫోన్లోనే తెగుతాయి. హెడ్‌లైటూ ఫెండరూ కలిపి బిల్లు 7.5 లక్షలు దాటితే, లేదా అవతలి బండికి అసలు బీమాయే లేకపోతే, సొంత పాలసీయే దిక్కు. డబ్బు ఇచ్చాక గుద్దినవాడి మీద వసూలుకు వెళ్లే హక్కు మన బీమా కంపెనీకి దక్కుతుంది. ఆ హక్కు వాడుకోవాలన్నా కంపెనీ మొదట అడిగేది బండి నంబరే.