పలుకుబడియు, యంత్రలిపియు: పీలమేటి తెలుగును గూర్చి యొక విమర్శ

2018 ఫిబ్రవరి మాసమున ఆపిల్ సంస్థవారి ఐఫోనులు ఒక వింత జాడ్యమునకు లోనైనవి. ‘జ్ఞా’ అను తెలుగు అక్షరము ఒకానొక సంకేతక్రమమున సందేశముగా వచ్చినచో, దానిని చూపవలసిన అనువర్తనము నిలిచిపోవుచుండెను. కొన్ని సందర్భములందు ఫోనే మాటిమాటికి ఆగి, తిరిగి మొదలగుచుండెను. ఆ నెల 19వ తేదీన సంస్థవారు ఐఓయస్ 11.2.6 అను సవరణను విడుదలచేసి ఆ దోషమును మాన్పిరి. జ్ఞానమునకు మొదటి అక్షరమే యంత్రమును మూర్ఛిల్లజేయుట అప్పట వేడుకగా చెప్పుకొనబడినది.

వేడుక తీరిన పిదప ఆలోచింపవలసిన దొకటి కలదు. కంటికి ఒక్కటిగా కనబడు ఆ అక్షరము యంత్రమునకు ఒక్కటి కాదు. జకారము, దాని పొల్లు, ఞకారము, కంటికి కానరాని యొక విడదీతగుర్తు, తుదకు దీర్ఘము, ఈ అయిదును వరుసగా వచ్చినపుడే ఆ దోషము బయటపడినది. ఇట్టి కూర్పు తెలుగువారి ఫోనులలో వచ్చునని నిర్మాతలు ముందుగా పరీక్షించి యుండినచో ఆ చిక్కు వచ్చెడిది కాదు. యంత్రము ఒక భాషను ఎంతవరకు ఎరుగును అను ప్రశ్నకు సమాధానము ఇందే యున్నది. ఆ భాషను ఎందరు, ఏయే విధముల వ్రాసి దానిముందు పెట్టిరో, అంతవరకే ఎరుగును. ఈ సూత్రమును పట్టుకొని చూచినచో, వ్రాతకు దూరమైన తెలుగు మాటలాడు పీలమేడువంటి ఊళ్ళకు నేటి కంప్యూటరు చర్చలలో నేమి పని యున్నదో తేటపడును.

కోయంబత్తూరున అవినాశి మార్గముపై నున్న పీలమేడు పూర్వము ప్రత్తిచేలనడుమ నొక గ్రామము. విజయనగర రాజుల కాలమునను, మధుర నాయకుల కాలమునను దక్షిణమునకు వలసవచ్చిన తెలుగు కుటుంబములు ఈ ప్రాంతపు నల్లరేగడి నేలలలో నిలద్రొక్కుకొన్నవి. వారి సంతతివారు కాలక్రమమున దూదినుండి నూలునకును, నూలునుండి యంత్రములకును మరలిరి. 1926లో పి. యస్. జి. ధర్మసంస్థయు, 1951లో ఆ సంస్థవారి సాంకేతిక కళాశాలయు ఇచ్చట వెలసినవి. 2010లో టైడల్ పార్కు తెరువబడినది. కావున యంత్రము ఈ యూరికి క్రొత్త చుట్టము కాదు. ఆ యంత్రముతో తెలుగున మాటలాడుటయే క్రొత్త.

ఏలయన, ఇచ్చటి తెలుగు ఇంటిగడప దాటని తెలుగు. ఇంట తెలుగు, వీథిని తమిళము, కొలువున ఇంగ్లీషు అనునది పెక్కు కుటుంబముల నిత్యక్రమము. 2006 నాటి తమిళ విద్యా చట్టము పాఠశాలలలో తమిళమును మొదటి తరగతినుండి క్రమముగా నిర్బంధము చేసిన పిదప, తెలుగు ఓనమాలకు దొరకు గంటలు మరింత తగ్గినవి. రాష్ట్రభాషను నేర్చుట ఆ రాష్ట్రమున బ్రతుకువారి ధర్మమే. అయినను దాని ఫలితము దాచరానిది. తెలుగు మాటలాడువారిలో తెలుగు వ్రాయగలవారు అరుదైరి. బంధువులకు సందేశము పంపవలసి వచ్చినపుడు తెలుగు మాట తమిళలిపిలోనో రోమను లిపిలోనో ఒదిగి పోవుచున్నది. తమిళమున క, గ లకు అక్షర మొక్కటే గనుక ఊరగు కడపయు, వాకిటి గడపయు ఒక్క తీరున కనబడును. రోమను లిపిలో కల్లునకును, కళ్ళకును సాధారణముగ వ్రాత యొక్కటే. చదువు బంధువు సందర్భమునుబట్టి అర్థము చేసికొనును. యంత్రము మాత్రము దానిని తెలుగుగా గుర్తింపక పోవచ్చును.

ఇట్టి యూరిలోనే కంప్యూటరు లిపిని గూర్చిన యొక పెద్ద చర్చ జరిగినదన్న సంగతి ఇచ్చటి తెలుగువారిలో పలువురు గమనించి యుండరు. 2010 జూన్ 23 మొదలు 27 వరకు పీలమేటి కొడీసియా ప్రాంగణమున ప్రపంచ శాస్త్రీయ తమిళ మహాసభ జరిగినది. దానితోబాటు తమిళ అంతర్జాల సదస్సును జరిపిరి. ఆ దినములలోనే తమిళనాడు ప్రభుత్వము యూనికోడును, దానితోబాటు టేస్ 16 అను పద్ధతిని ప్రమాణములుగా అంగీకరించినది. యూనికోడున హల్లునకొక సంకేతము, గుణింతపు గుర్తునకొక సంకేతము. టేస్ పద్ధతిలో ప్రతి తమిళాక్షరమునకును విడిగా నొక సంకేతము. అక్షరమును ముక్కలుచేయుట భాషాస్వభావమునకు విరుద్ధమని ఒక పక్షమువారు వాదింపగా, లోకమంతయు అంగీకరించిన పద్ధతిని విడనాడరాదని వేరొక పక్షమువారు వాదించిరి.

ఈ వాదము తెలుగునకును సంబంధించినదే. యూనికోడు మొదటి కూర్పు 1991లో వెలువడినపుడు భారతీయ లిపులను, తెలుగుతోసహా, ఇస్కీ అను భారతీయ ప్రమాణపు వరుసను అనుసరించియే అమర్చిరి. అయితే 247 అక్షరముల తమిళమునకు విడివిడి సంకేతము లిచ్చుట సాధ్యము. వత్తుపై వత్తు చేరగల తెలుగున కూర్పులకు అంతు లేదు. కనుక తెలుగునకు ముక్కల పద్ధతియే శరణ్యము. ఇందలి భారము కూడ స్వల్పము కాదు. ఇంగ్లీషు అక్షర మొకటి ఒక్క బైటుతో తీరగా, ప్రచారమున నున్న యుటిఎఫ్ 8 పద్ధతిలో తెలుగు సంకేతము ప్రతిదానికి మూడు బైటులు కావలెను. ‘జ్ఞా’ను మామూలుగా వ్రాసినను నాలుగు సంకేతములు, పండ్రెండు బైటులు. కృత్రిమమేధ యంత్రములు వాక్యమును తునకలుగా కోసి చదువునవి గనుక, వానిలో పెక్కింట తెలుగు వాక్యమునకు ఇంగ్లీషు వాక్యముకంటె ఎక్కువ తునకలు పట్టుచున్నవి. అయినను ఇవి లెక్కకు లొంగు చిక్కులు, నేర్పరులైన ఇంజనీర్లు తీర్పగలవి. పీలమేటి చిక్కు ఆ జాతిది కాదు.

2017 ఆగస్టులో గూగుల్ సంస్థవారు తమ వాక్కును వ్రాతగా మార్చు సాధనమున తెలుగును, తమిళమును చేర్చిరి. 2022 జులైలో భారతప్రభుత్వము భాషిణి అను అనువాదవేదికను ఆరంభించినది. తరువాత కృత్రిమమేధ తెలుగున వ్యాసములు వ్రాయు స్థితికి వచ్చినది. వీనిని జూచి పుట్టిన అభిప్రాయములు రెండు. యంత్రమే విని వ్రాయుచుండగా పిల్లలకు లిపి నేర్పు శ్రమ యెందులకని ఒకరు. యంత్రము వ్రాయు తెలుగు జీవములేని తెలుగు, దానిని ఇంటికి రానీయరాదని వేరొకరు. మొదటివారు, యంత్రము తప్పు వ్రాసినపుడు దానిని పట్టుకొనుటకు లిపి వచ్చినవా డొకడు కావలెనన్న మాట మరచుచున్నారు. రెండవవారు, యంత్రము తెలుగును తనంత తాను కల్పింపదనియు, తనకు దొరకిన తెలుగునే తిరిగి యిచ్చుననియు మరచుచున్నారు. ఇరువురును విడిచిన ప్రశ్న యొకటి కలదు. యంత్రమునకు దొరకిన ఆ తెలుగు ఎవరిది?

అది పుస్తకముల తెలుగు, పత్రికల తెలుగు, అంతర్జాలమున వ్రాయువారి తెలుగు. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియావంటి నిధులు దానికి పెద్ద ఆధారములు. అవి వ్రాయగలవారి శ్రమఫలములు. వారిని తప్పుపట్టుటకు హేతువు లేదు. కాని దక్షిణాది ఇండ్లలో వినవచ్చు ‘వస్తుండాను’వంటి రూపము ఆ నిధులలో అరుదు. అరుదైనదానిని విన్నపుడు యంత్రము తనకెక్కువ పరిచితమైన రూపమువైపునకే మొగ్గును, ‘వస్తున్నాను’ అని వ్రాయును. వ్రాసినది తప్పు కాదు. అయినను పలికిన మాట అది కాదు. యంత్రమువలననే తెలుగు నేర్చు బిడ్డ అవ్వ నోటి మాటను పొరబాటుగా ఎంచు దిన మిట్లు రాగలదు. పీలమేటికి కలుగనున్న నష్టము ఇది.

దీనికి ఎదురుగా ఒక ఉదాహరణము చూడదగినది. ప్రాచీన శాసనములందు మాత్రమే కనబడి, నన్నయనాటికే మరుగుపడిన ‘ఴ’ అను తెలుగక్షరమునకు 2014లో యూనికోడు ఏడవ కూర్పున స్థానము లభించినది. తమిళమున నేటికిని పలుకు ధ్వనియే యది. నకారపు పొల్లునకు 2021లో స్థానము లభించినది. నేడు ఎవ్వరును వ్రాయని అక్షరములకు యంత్రమున చోటెట్లు దొరకినది? రాతిమీదనో ఆకుమీదనో సాక్ష్యముండుటచేత. ఒక తెలుగు ధ్వని వేయేండ్ల పూర్వము రాతిపై చెక్కబడినది గనుక దానికి చోటు దొరకినది. నేడు వందలాది యిండ్లలో వినవచ్చుచున్న మాట ఎచ్చటను వ్రాయబడలేదు గనుక దానికి దొరకలేదు.

ఇక సాక్ష్యమును కూర్చువారు లేకపోలేదు. బెంగుళూరు భారతీయ విజ్ఞానసంస్థవారు, ఆర్ట్‌పార్క్, గూగుల్ సంస్థలతో కలసి 2022లో ప్రకటించిన ‘వాణి’ యను ప్రయత్నము దేశమందలి 773 జిల్లాల పలుకును సేకరింప నుద్దేశించినది. దానియందలి విశేషము, భాషనుబట్టి కాక జిల్లానుబట్టి సేకరించుట. తెలుగును ఆంధ్ర, తెలంగాణములలో మాత్రమే వెదకు పద్ధతికిని, కోయంబత్తూరు జిల్లాలో ఎవ్వ రేమి పలుకుదురో వినెదమను పద్ధతికిని గల భేదము గొప్పది. రెండవదానిలో పీలమేటికి తలుపు తెరచియున్నది. ఆ తలుపుకడ నిలిచిన గృహస్థు తన భాష యేదని యడిగినపుడు తెలుగని చెప్పి తెలుగే పలుకునా, నలుగురి యెదుట ఇది సరియైన తెలుగు కాదేమోయని జంకి తమిళమునకు మరలునా అన్నది మాత్రము యంత్రము తీర్చు సంగతి కాదు.

ఆ జంకు ఎచ్చటనుండి వచ్చినది? ఈ విషయమున తెలుగు బోధించువారికిని భాగము కలదని ఒప్పుకొనవలెను. ఇంటనుండి బిడ్డ తెచ్చిన మాటను ఎఱ్ఱసిరాతో కొట్టివేసి గ్రంథస్థమైన రూపమును పైన వ్రాయుట తరగతిగదిలో ఏండ్లతరబడి జరిగినది. యంత్రము నేడు చేయుచున్న సవరణ ఉపాధ్యాయుడు నిన్న చేసినదే. పరీక్షకు ప్రమాణరూపము అవసరము, అది నేర్పక తప్పదు. దానికై ఇంటిమాటను తప్పనుట అవసరము కాదు. రెండును ప్రక్కప్రక్కన వ్రాయించిన ఉపాధ్యాయునకు పోవున దేమియు లేదు.

పలుకును వ్రాతకెక్కించినవారు ఈ దక్షిణదేశముననే కలరు. ఇడైసేవల్ గ్రామపు తెలుగింటివాడైన కి. రాజనారాయణన్ కరిసల్ నేల మాటలకు నిఘంటువు కూర్చెను, తెలుగువారి వలసకథను ‘గోపల్ల గ్రామము’గా 1976లో వెలువరించెను, దాని తరువాతి భాగమునకు 1991లో సాహిత్య అకాడమీ బహుమానము నందెను. అవన్నియు తమిళ గ్రంథములు. ఆ ఇండ్ల స్మృతి తమిళమున నిలిచినది, తెలుగున నిలువలేదు. తెలుగున స. వెం. రమేశ్ ‘ప్రళయకావేరి కథలు’ పులికాటు ప్రాంతపు పలుకుతోనే వ్రాసి ఆ కొరతను కొంత తీర్చెను. కోయంబత్తూరు తెలుగునకు అట్టి గ్రంథములు ఎన్ని యున్నను చాలవు.

కనుక ఇచ్చటి తెలుగు సంఘములు చేయదగిన పని పెద్ద ధనమును కోరునది కాదు. పెద్దలు ఇష్టపడి చెప్పిన కథలను, వంటల పేళ్ళను, సేద్యపు మాటలను వారి అనుమతితో ఫోనులోనే ధ్వనిముద్రణము చేయవచ్చును. విన్నది విన్నట్లు తెలుగు లిపిలో వ్రాయవచ్చును. ఆ వ్రాతకు లిపి తెలిసిన బిడ్డలు కావలెను గనుక లిపి నేర్చుటకు ఒక నిజమైన ప్రయోజనము కూడ ఏర్పడును. పిదప దానిని యంత్రములకు ఇచ్చుటయా మానుటయా అనునది సంఘమువారే నిర్ణయించుకొనవచ్చును. ఇచ్చుటకైనను, దాచుకొనుటకైనను ముందు అది వ్రాతలో నుండవలెను.

పర్లాకిమిడిలో గిడుగు వేంకట రామమూర్తి లిపిలేని సవరభాషను సవరలనోట విని నేర్చి, 1931లో దానికి వ్యాకరణమును, 1938లో నిఘంటువును ప్రకటించెను. ఆ భాష ఆయనకు పుట్టుకతో వచ్చినది కాదు. పీలమేటివారు వ్రాయవలసినది తమ యింటి మాటనే, దానికి లిపి వేయేండ్లకు పైగా సిద్ధముగ నున్నది.